మందారం కొమ్మలు పార్శిల్‌లో ఉడికిపోయాయి, తప్పు ఎక్కడ జరిగింది?

మిద్దెమీద_మందారం
మాది నల్లగొండ. మిద్దె మీద పందొమ్మిది రకాల మందారాలు పెంచుతున్నాను. మహబూబ్‌నగర్‌లో ఉండే పాలమూరు_మల్లెతో మార్పిడి మాట్లాడుకున్నాం. నేను ఏడు రంగుల మందారం కొమ్మలు పంపాలి, ఆమె గుండుమల్లె పంపాలి. మే మూడో వారంలో, శుక్రవారం సాయంత్రం కొరియర్‌లో వేశాను. కొమ్మలన్నీ కట్ట కట్టి, పాత నూలు చీర ముక్కను నీళ్ళలో ముంచి మొదలు నుంచి చివరిదాకా చుట్టాను. దాని మీద పాలిథిన్ కవరు, గాలి చొరకుండా రెండు వరుసల టేపు. ఎండకు ఆరిపోకూడదని అంత జాగ్రత్త పడ్డాను. ఆరో రోజు చేరింది. ఏడుకు ఏడూ నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడి వచ్చిందట. నీళ్ళు చాలలేదా? ఈసారి సీసాలో నీళ్ళు పోసి అందులోనే పెట్టి పంపాలా? వేళ్ళు లేని కొమ్మను బతికించి పంపినవాళ్ళు ఉంటే చెప్పండి, పుణ్యముంటుంది.

పాలమూరు_మల్లె
ఆ పార్శిల్ విప్పింది నేనే. కుళ్ళిన తోటకూర వాసన. మా ఆయన "ఎవరైనా పగబట్టి పంపారా" అని అడిగాడు. అక్కను ఏమీ అనకండి, ప్రేమ ఎక్కువైంది అంతే.

బత్తాయి_బాబాయ్
నీళ్ళు చాలక కాదమ్మా, ఎక్కువై చచ్చాయి. తడి గుడ్డ చుట్టి, గాలాడకుండా మూసి, మే ఎండలో బండి ఎక్కిస్తే దాన్ని ప్యాకింగ్ అనరు, కుడుముల గిన్నె అంటారు.

కిటికీ_తోట
ఆవిరి బాగానే పట్టినట్టుంది.

మిద్దెమీద_మందారం
నవ్వండి నవ్వండి. మరి ఆరిపోకుండా ఉండాలంటే తడి ఉండాలి కదా బాబాయ్?

బాటనీ_మేడం
ఇరవై ఏళ్ళు క్లాసులో చెప్పిన అలవాటు, కాస్త పొడవుగా రాస్తాను. కోసిన కొమ్మ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. వేళ్ళు లేవు కాబట్టి బయటి నుంచి వచ్చేదేమీ లేదు. తనలో దాచుకున్న తిండి, తనలో ఉన్న నీళ్ళు, వీటితోనే మళ్ళీ మట్టి చేరేదాకా గడపాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ ఊపిరి వేగం దాదాపు రెట్టింపవుతుంది, అంటే నాలుగు రోజులకు సరిపోయే తిండి రెండు రోజుల్లో అయిపోతుంది. బయట 43 ఉంటే మూసిన వ్యానులో ఇంకెంతో మీరే ఊహించండి.

ఇంక ఆ తడి చీర. బెరడు చుట్టూ నీళ్ళు పట్టి ఉంటే కొమ్మకు గాలి అందదు, కానీ బూజుకు కావలసినవన్నీ అక్కడే ఉంటాయి. కొమ్మకు నీళ్ళు తాగించాలని చూడకండి, ఉన్న నీళ్ళు పోకుండా చూడండి. నీళ్ళు ఎక్కువగా పోయేది ఆకుల నుంచి, కాబట్టి ఆకులు తీసేయాలి. కవరు లోపలి గాలిలో తేమ ఉండాలి, కొమ్మ ఒంటి మీద నీళ్ళు ఉండకూడదు.

కొల్లాపూర్_కొమ్మ
మేడం చెప్పింది నిజం. మాకు మామిడి అంటు పుల్లలు పంపడం ఏటా ఉండే పని. మామిడి కొమ్మ గుచ్చితే వేళ్ళు రావు, అంటు కట్టాల్సిందే, అయినా దారిలో బతికించే తిప్పలు ఒకటే. కోయడానికి వారం పది రోజుల ముందే చెట్టు మీద ఉండగానే ఆకులు కత్తిరిస్తాం, తొడిమలు మాత్రం ఉంచుతాం. ఆ పది రోజుల్లో చిగురొచ్చే కన్ను ఉబ్బుతుంది, తొడిమ ముట్టుకుంటే రాలిపోతుంది. అప్పుడు పెన్సిల్ మందం పుల్ల కోస్తాం. న్యూస్‌పేపర్ తడిపి, గట్టిగా పిండి, అందులో చుట్టి పాలిథిన్ కవరులో పెడతాం. నాలుగైదు రోజులకు ఢోకా లేదు. ఆ పిండడం మాత్రం మర్చిపోవద్దు. రెండోసారి పిండితే ఒక్క చుక్క రాలకూడదు.

దేవరకొండ_కుర్రాడు
మందారానికి కూడా పది రోజుల ముందే ఆకులు కోయాలా అన్నా?

కొల్లాపూర్_కొమ్మ
వద్దు తమ్మీ. అది అంటు కోసం, కన్ను మేలుకోవాలని. మందారానికి కోసేటప్పుడు తీస్తే చాలు.

మిర్యాలగూడ_మల్లెపందిరి
ఆకులన్నీ తీసేయమంటే నేను ఒప్పుకోను. చివర రెండు ఆకులు, అవి కూడా సగానికి కత్తిరించి ఉంచుతాను. మొత్తం బోడిగా పంపిన మల్లె నాకు ఎప్పుడూ ఆలస్యంగానే చిగురించింది.

బత్తాయి_బాబాయ్
నీది లేత కొమ్మ, పక్క ఊరికి, వానాకాలంలో. ఈ అమ్మది మే నెలలో ఆరు రోజులు. లెక్క వేరు.

మిర్యాలగూడ_మల్లెపందిరి
సరే, ఎండాకాలానికి ఒప్పుకుంటున్నాను. వానాకాలంలో నా రెండాకులు నావే.

బాటనీ_మేడం
ఇద్దరూ చెప్పింది సరైనదే. ముదురు కొమ్మ బోడిగా పోయినా తనలోని నిల్వతో చిగురిస్తుంది. లేత కొమ్మలో నిల్వ తక్కువ, దానికి కాస్త ఆకు కావాలి, కానీ ఆ ఆకే దారిలో నీళ్ళు పోగొడుతుంది. అందుకే పార్శిల్‌కు లేతదీ వద్దు, బాగా ముదిరి గట్టిపడిందీ వద్దు. పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరుగుతున్న నడిమి కొమ్మ తీసుకోండి. మొగ్గలుంటే గిల్లేయండి, అవి ఉన్న తిండిని తినేస్తాయి.

మాజీ_పోస్టుమాస్టర్
ప్యాకింగ్ గురించి అందరూ చెబుతున్నారు, వారం గురించి ఒక్కరూ అడగలేదు. శుక్రవారం సాయంత్రం వేసిన పార్శిల్ ఆదివారం ఎక్కడో ఒక గోదాములో పడుకుంటుంది. ప్రాణమున్న సరుకును సోమవారం పొద్దున, కౌంటరు తెరవగానే ఇవ్వండి. మంగళవారం వరకు పర్వాలేదు. పండగ సెలవు ఉన్న వారం వదిలేయండి.

స్పీడ్ పోస్టులో వేయండి, నంబరు ఉంటుంది, ఎక్కడుందో చూసుకోవచ్చు. రిజిస్టర్డ్ పోస్టు చవకని దాని కోసం అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు, అది 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. చిరునామాతోపాటు అందుకునేవాళ్ళ ఫోన్ నంబరు, పిన్ కోడ్ పెద్దగా రాయండి. నల్లగొండ వైపు 508తో, మహబూబ్‌నగర్ వైపు 509తో మొదలవుతాయి. ఒక్క అంకె తేడాతో కొమ్మలు వేరే జిల్లా తిరిగొచ్చిన కేసులు నా సర్వీసులో చూశాను. మెత్తటి కవరులో వేయకండి, పై నుంచి బస్తా పడితే అంతే.

మిద్దెమీద_మందారం
ట్రాకింగ్ ఇప్పుడు మళ్ళీ చూశాను సార్. శనివారం హైదరాబాద్ చేరింది, సోమవారం రాత్రి దాకా అక్కడే ఉంది. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా నేనే బస్సెక్కి చేతికిచ్చి భోంచేసి వచ్చినా అయిపోయేది.

పాలమూరు_మల్లె
రా అక్కా, సర్వపిండి చేసి పెడతా.

దేవరకొండ_కుర్రాడు
దారిలో మా ఊళ్ళో దిగి నాకూ రెండు ఇవ్వండి.

కిటికీ_తోట
ఆర్టీసీ కార్గో ఎవరూ వాడరా? బస్టాండులో ఇస్తే బస్సులోనే పోతుంది. నేను హైదరాబాద్ నుంచి సూర్యాపేటకు పొద్దున వేసింది సాయంత్రానికి తీసుకున్నారు. కాకపోతే అటువాళ్ళు బస్టాండుకు వచ్చి తీసుకోవాలి.

సూర్యాపేట_చంటి
చేప పిల్లలు పంపే థర్మోకోల్ డబ్బాలో ఐసు సీసా పెట్టి పంపితే? మే నెలైనా చల్లగా పోతాయి కదా.

బాటనీ_మేడం
ఐసు కరిగేటప్పుడు డబ్బా గోడలకు నీళ్ళు పట్టి కొమ్మల మీదే కారుతాయి. పైగా మందారం ఉష్ణదేశపు మొక్క, ఐసుకు ఆనుకున్న భాగం చలికి దెబ్బతింటుంది. మొదటి రోజు చలి, రెండో రోజు నుంచి ఉక్క. కెన్యా, ఇథియోపియా దేశాల నుంచి వేళ్ళు లేని చామంతి కొమ్మల వంటివి యూరప్‌కు విమానాల్లో రోజూ పోతుంటాయి. అక్కడ కోసినప్పటి నుంచి దిగేదాకా ఒకే చల్లదనంలో ఉంచుతారు. మనకు ఆ వసతి లేదు. థర్మోకోల్ డబ్బా మంచిదే, ఐసు లేకుండా.

వనపర్తి_అమ్మమ్మ
నా సంగతి వినండి. పోయిన అక్టోబరులో మా చెల్లెలికి గోరింట, నందివర్ధనం కొమ్మలు పంపుతూ, ఉత్త కొమ్మలేం పంపుతాంలే అని డబ్బాలో నాలుగు బాలానగర్ సీతాఫలాలు పెట్టాను. కాయలు గట్టిగానే ఉన్నాయి, కొమ్మలకు సగం సగం ఆకులు ఉంచాను. నాలుగో రోజు తెరిస్తే పండ్లు పండి పగిలాయి, కొమ్మలకు ఆకు ఒక్కటి లేదు. పసుపుపచ్చగా అయి అన్నీ కింద రాలి ఉన్నాయి. పండు రసం అంటుకుని చీమలు కూడా చేరాయి. చెల్లెలు "పండ్లు బాగున్నాయి, కట్టెపుల్లలు ఎందుకు పంపావు" అంది. ఆకులు ఎందుకు రాలాయో ఇప్పటికీ తెలియదు.

బాటనీ_మేడం
అమ్మమ్మా, పండే కాయ ఇథిలీన్ అనే గ్యాస్ వదులుతుంది. కాయను పండించేది అదే, ఆకును రాల్చేదీ అదే. మూసిన డబ్బాలో నాలుగు సీతాఫలాలంటే మామిడికాయల్ని మగ్గబెట్టే గదిలో కొమ్మల్ని పెట్టినట్టు. మామిడి, అరటి, జామ కూడా పెట్టకూడదు.

బత్తాయి_బాబాయ్
బత్తాయి పెట్టొచ్చా?

బాటనీ_మేడం
బత్తాయి కోశాక పండేది కాదు, దాని నుంచి గ్యాస్ చాలా తక్కువ. అయినా వేరే సంచిలో పంపండి బాబాయ్.

బత్తాయి_బాబాయ్
నల్లగొండ పరువు నిలబడింది.

మిద్దెమీద_మందారం
మా అత్తమ్మ ఒక ఉపాయం చెబుతోంది, కొమ్మ మొదలును ఆలుగడ్డలో గుచ్చి పంపితే తేమ దానిలోంచే వస్తుందట.

కొల్లాపూర్_కొమ్మ
నేను చేసి చూశాను. మూడో రోజుకు ఆలుగడ్డ కుళ్ళింది, దాంతోపాటు కొమ్మ మొదలూ కుళ్ళింది. కూర చేసుకున్నా బాగుండేది.

వనపర్తి_అమ్మమ్మ
మా రోజుల్లో గులాబి కొమ్మలు అలాగే తెచ్చుకునేవాళ్ళం, బతికేవి.

కొల్లాపూర్_కొమ్మ
అవి మీ ఒళ్ళో పెట్టుకుని అదే రోజు ఇల్లు చేర్చారు కాబట్టి బతికాయమ్మా.

దేవరకొండ_కుర్రాడు
గులాబి అంటే గుర్తొచ్చింది. నాటు గులాబి కొమ్మలు పంపితే ముళ్ళు కవరును గుచ్చి జల్లెడ చేశాయి, కొమ్మలు ఎండిపోయాయి. అప్పటి నుంచి గోళ్ళ కత్తెరతో ముళ్ళ కొనలు గిల్లి పంపుతున్నాను. కాగితం పూలకు కూడా అంతే.

నూలు_గొట్టం
మాది పోచంపల్లి. డబ్బా కోసం డబ్బులు పెట్టకండి. బట్టల షాపులో గుడ్డ తాను చుట్టే అట్ట గొట్టాలు ఊరికే ఇస్తారు. రెండు చివర్లలో పేపరు ఉండ కూరి టేపు వేస్తే చాలు, మీద ఏం పడ్డా విరగదు. గొట్టం దొరక్కపోతే కరెంటు వైర్లు వేసే పీవీసీ పైపు ముక్క కూడా పనికొస్తుంది, కానీ నల్లది వద్దు, ఎండకు కాలిపోతుంది.

కిటికీ_తోట
ఇవన్నీ మందారం, మల్లెలకు. దేవగన్నేరు, ఎడీనియం (ఎడారి గులాబి), డ్రాగన్ ఫ్రూట్ వీటికి అంతా తిరగేసి చేయాలి. తడి కాగితం చుట్టారో, కుళ్ళు ఖాయం. దేవగన్నేరు కొమ్మ కోసి, పాలు కారడం ఆగాక, నీడన వారం రోజులు పడేయాలి. కోసిన చోట తోలు కట్టి గట్టిపడుతుంది. అప్పుడు పొడి న్యూస్‌పేపర్లో చుట్టి, గాలి ఆడే అట్టపెట్టెలో వేయాలి. పాలిథిన్ అసలు వద్దు. నా దగ్గర ఒక దేవగన్నేరు కొమ్మ మూడు వారాలు అల్మారా మీద మర్చిపోయినా గుచ్చితే బతికింది. డ్రాగన్ ఫ్రూట్ కాండం కూడా వారం ఆరనిచ్చి పంపిస్తాను.

దేవరకొండ_కుర్రాడు
అంజీరకు కూడా పాలు కారుతాయి కదా, దాన్నీ వారం ఆరబెట్టాలా?

కిటికీ_తోట
వద్దు తమ్మీ, అది కట్టె కొమ్మ, అన్ని రోజులు ఉంచితే ఎండిపోతుంది. పాలు తుడిచి, రెండు గంటలు ఆగి, మందారంలాగే పిండిన కాగితంలో చుట్టు. చలికాలంలో ఆకు రాల్చినప్పుడు కోస్తే ఇంకా తేలిక.

సూర్యాపేట_చంటి
బాబాయ్, మీ తోట నుంచి సాత్‌గుడి బత్తాయి కొమ్మలు నాలుగు పంపరాదూ? అంటు కట్టుకుంటాను.

బత్తాయి_బాబాయ్
పంపను. కోపగించుకోకు. బత్తాయి, నిమ్మ జాతికి వైరస్ తెగులు, గ్రీనింగ్ తెగులు అంటు పుల్లలతోనే ఊరు దాటుతాయి. పుల్ల చూడ్డానికి పచ్చగానే ఉంటుంది, లోపలేముందో నాకూ తెలియదు, నీకూ తెలియదు. నాటిన నాలుగేళ్ళకు ఆకు మచ్చలు పడి, కాయ వంకర పోయినప్పుడు తెలుస్తుంది. అప్పుడు పక్క తోటకు కూడా పాకి ఉంటుంది. వెళ్ళి నమ్మకమైన నర్సరీలో జంబేరి మీదో రంగపూర్ నిమ్మ మీదో అంటు కట్టిన మొక్క కొనుక్కో. మందారాలు ఎన్నైనా పంచుకోండి, దీంతో ఆడుకోకండి.

వనపర్తి_అమ్మమ్మ
అమెరికాలో మా మనవరాలికి కరివేపాకు కొమ్మ ఇలాగే చుట్టి పంపొచ్చా?

కిటికీ_తోట
వద్దు అమ్మమ్మా! అక్కడ విమానాశ్రయంలోనే తీసేసి పారేస్తారు. బాబాయ్ చెప్పిన గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకే మన దేశం నుంచి పచ్చి కరివేపాకును రానివ్వరు.

బత్తాయి_బాబాయ్
చూశావా చంటీ, అమెరికా వాడు కూడా నా మాటే అంటున్నాడు.

వనపర్తి_అమ్మమ్మ
అయితే కరివేపాకు పొడి పంపుతాలే.

మాజీ_పోస్టుమాస్టర్
ఇంకో మాట. రంగుల పేర్లు స్కెచ్ పెన్నుతో రాయకండి, తేమకు చెరిగిపోతాయి. పెరుగు డబ్బా కత్తిరించి ఆ ముక్కల మీద పెన్సిల్‌తో రాయండి. పెన్సిల్ రాత తడికి పోదు.

మిర్యాలగూడ_మల్లెపందిరి
కింది కొస ఏటవాలుగా, పై కొస అడ్డంగా కోయండి. తలకిందులుగా గుచ్చితే వేరు రాదు, బోడి కొమ్మకు పైది ఏదో కిందది ఏదో విప్పేవాళ్ళకు తెలియాలి కదా. పై కొసకు కొవ్వొత్తి మైనం ఒక చుక్క అంటిస్తే అక్కడి నుంచి ఆరిపోదు.

దేవరకొండ_కుర్రాడు
బూజు పట్టకుండా బావిస్టిన్‌ మందులో ముంచి పంపాలా? వేర్ల పొడి కూడా ఇక్కడే అద్దాలా?

కొల్లాపూర్_కొమ్మ
బావిస్టిన్ లీటరు నీళ్ళకు గ్రాము కలిపి పది నిమిషాలు ముంచొచ్చు, కానీ తర్వాత నీడన పూర్తిగా ఆరనివ్వాలి. చేతులకు తొడుగు వేసుకో, పార్శిల్ మీద మందు పెట్టినట్టు రాయి, విప్పేది పిల్లలు కావచ్చు. వేర్ల పొడి మాత్రం అక్కడ చేరి, కొస మళ్ళీ కొత్తగా కోశాకే అద్దాలి.

మిద్దెమీద_మందారం
సరే, ఇక వానలు పడేదాకా చెయ్యి పెట్టను. జూలైలో మళ్ళీ ప్రయత్నిస్తా.

మిద్దెమీద_మందారం
జూలై రెండో వారం. ఇదిగో పంపేశాను. సోమవారం పొద్దున ఆరింటికి కోశాను, ఎనిమిది అంగుళాల నడిమి కొమ్మలు. రంగుకు రెండు, మొత్తం పద్నాలుగు. ఒక్కో రంగులో ఒకటి బోడిగా, ఒకటి మిర్యాలగూడ వారి పద్ధతిలో రెండు సగమాకులతో. మొదలు మూడు అంగుళాలకు మాత్రమే పిండిన పేపరు, దానికే పాలిథిన్ చుట్టి రబ్బరు బ్యాండు. పై భాగమంతా పొడి పేపరు. మొత్తం కట్టను పెద్ద కవరులో పెట్టి, మూతి మడిచాను కానీ టేపు వేయలేదు. పోచంపల్లి వారి సలహా ప్రకారం అట్ట గొట్టం. స్పీడ్ పోస్టు. టెన్షన్‌గా ఉంది.

బత్తాయి_బాబాయ్
పిల్లలమర్రికి సెలైన్ పెట్టినప్పుడు కూడా ఇంత టెన్షన్ పడలేదమ్మా మనం.

పాలమూరు_మల్లె
మా మర్రిని ఏమీ అనొద్దు బాబాయ్. 2018లో సీసాలు వేలాడదీసి చెదలు మందు ఎక్కించారు, ఇంకా నిలబడే ఉంది.

పాలమూరు_మల్లె
బుధవారం మధ్యాహ్నం చేరింది! పద్నాలుగూ పచ్చగా ఉన్నాయి. సగమాకులవాటిలో మూడింటికి ఆకులు మెత్తబడ్డాయి, బోడివి చెక్కుచెదరలేదు. కింది కొస సెంటీమీటరు కోసి, రెండు గంటలు నీళ్ళలో ఉంచి, ఇసుకా కోకోపీటూ (కొబ్బరి పొట్టు) కలిపిన కుండీల్లో గుచ్చాను. ఆ మీద పాలిథిన్ గుడారం, వేపచెట్టు నీడ. ఒక్క సమస్య. అక్కా, పేర్లు స్కెచ్ పెన్నుతో రాశావా?

మిద్దెమీద_మందారం
పెన్సిల్ దొరకలేదమ్మా ఆ పొద్దున...

మాజీ_పోస్టుమాస్టర్
నేను చెప్పాను.

పాలమూరు_మల్లె
ఐదు వారాలయింది. పద్నాలుగులో పదకొండు వేళ్ళు పట్టాయి. బోడివి ఏడుకు ఆరు, ఆకులవి ఏడుకు ఐదు.

మిర్యాలగూడ_మల్లెపందిరి
ఒక్కటే తేడా. దీన్ని ఓటమిగా లెక్కపెట్టను.

పాలమూరు_మల్లె
ఎవరూ లెక్కపెట్టమనలేదు అక్కా. ఏది ఏ రంగో మాత్రం దేవుడికే తెలియాలి. నల్లగొండ అక్కకు గుండుమల్లె కొమ్మలు డిసెంబరులో పందిరి కత్తిరించినప్పుడు పంపుతాను, పేర్లు రాసే పని లేదు, అన్నీ ఒకటే రకం.

కిటికీ_తోట
నారింజ రంగుది ఏదో తేలితే నాకో కొమ్మ.

పాలమూరు_మల్లె
అక్టోబరు చివర. మొదటి పువ్వు విచ్చింది. మూడు నెలలు ఎరువు వేసి, పిండినల్లి తుడిచి, పిల్లాడిలా చూసుకున్నది. మామూలు ఎర్ర మందారం, ఒంటి రేకులది. మా ఇంటి గోడ పక్కన చెట్టే ఉంది.

మిద్దెమీద_మందారం
అయ్యో, అది లెక్కలో లేదే! ఆ పొద్దున హడావిడిలో పక్కింటి కొమ్మ కోసినట్టున్నాను.